తన పళ్లెం తను మోసుకోవడం



ఈరోజు పొద్దున నిద్ర లేచినప్పటి నుంచి మీరు రెండు చేతులూ కలిపి చేసిన పనులు ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఒక చేత్తో పేస్టు గొట్టం పట్టుకొని రెండో చేత్తో మూత తిప్పారు. తువ్వాలు పిండారు. చొక్కాకు గుండీలు పెట్టుకున్నారు, లేదా జడ అల్లుకున్నారు. కాఫీ గ్లాసును అటూ ఇటూ తిరగబోసి చల్లార్చారు. వీటిలో ఒక్కదానికైనా 'ఇప్పుడు నా కుడి చేయి ఏం చేయాలి, ఎడమ చేయి ఏం చేయాలి' అని ఆలోచించారా? ఆలోచించి ఉండరు. అవి వాటంతట అవే జరిగిపోయాయి. అలా జరగని పిల్లలున్నారు. ఆ పిల్లల గురించి, వాళ్ల చేత రోజువారీ పనులు చేయించే సాధన గురించి ఈ పూట మీతో మాట్లాడదామని వచ్చాను.

నేను వైద్యురాలిని కాదు, పంతులమ్మను. హోసూరు ప్రాంతంలో తెలుగు, తమిళం రెండూ చెప్పే బడిలో పని చేస్తున్నాను. కొన్నేళ్ల కిందట మా మూడో తరగతిలో ఒక పాప చేరింది. చురుకైన పిల్ల. ఎక్కాలు గడగడా అప్పజెప్పేది. ఎడమ చేత్తో రాసేది. కుడి చేయి మాత్రం మోచేతి దగ్గర మడిచి, పిడికిలి బిగించి, రొమ్ముకు ఆనించుకొని ఉండేది. పరుగెత్తితే ఆ చేయి ఇంకా పైకి లేచేది. కుడి కాలు కొంచెం మునివేళ్ల మీద నడిచేది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి వాళ్లమ్మ గులాబీ తోటలో కూలి పని ఆపుకొని పరుగున వచ్చి, బిడ్డకు అన్నం తినిపించి వెళ్లేది. ఆమె రాలేని రోజు పాప కూడా బడికి వచ్చేది కాదు. వారంలో రెండు రోజులు అలా పోయేవి.

ఎడమ చేయి బాగానే ఉంది కదా, దానితో తినవచ్చు కదా అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. అడిగితే ఆ తల్లి తల వంచుకొని, "మా అవ్వ ఒప్పుకోదు టీచరమ్మా. కడుక్కునే చేత్తో అన్నం ముట్టకూడదంటాది" అంది. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు.

మా వైపు పల్లెల్లో కాలో చెయ్యో సరిగా లేని బిడ్డ కనబడితే 'పోలియో' అనేస్తారు. ఇది పోలియో కాదు. పోలియో ఒక వైరస్ వల్ల వచ్చేది. అది వెన్నుపాములోని నరాల కణాలను దెబ్బ తీస్తుంది, కండరం మెత్తబడి వాలిపోతుంది. మన దేశంలో పోలియో లేదని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది. ఈ పాపది సెరెబ్రల్ పాల్సీ. ఇందులో దెబ్బ తగిలేది మెదడుకు. కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొద్ది కాలానికో ఎదుగుతున్న మెదడులో కొంత భాగం దెబ్బతింటుంది. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, పుట్టగానే పచ్చకామెర్లు ముదిరిపోవడం, మెదడుకు సోకిన జ్వరాలు, ఇలా కారణాలు అనేకం. ఒక్కోసారి కారణం తేలదు కూడా. దెబ్బ తగిలిన చోటును బట్టి ఒక వైపు చేయి, కాలు బిగుసుకుపోవచ్చు, రెండు కాళ్లూ బిగుసుకుపోవచ్చు, ఒళ్లంతా ప్రభావం ఉండవచ్చు. కొందరిలో కదలికలు అదుపులో ఉండవు. మాట, చూపు, చదువు కూడా కొందరిలో దెబ్బతింటాయి, మూర్ఛలు రావచ్చు. కొందరిలో బుద్ధికి ఏ లోటూ ఉండదు. అందుకే ఒక బిడ్డను చూసి ఇంకో బిడ్డ గురించి చెప్పడం కుదరదు.

ఈ జబ్బును మొదట వివరంగా రాసినవాడు లండన్‌లో ఎముకల శస్త్రవైద్యుడు విలియం జాన్ లిటిల్. 1861లో కాన్పు వైద్యుల సభలో ఆయన దీని మీద ఉపన్యసించాడు. కష్టమైన కాన్పే దీనికి మూలమన్నాడు. మనస్తత్వ శాస్త్రంలో మీరు పేరు విన్న సిగ్మండ్ ఫ్రాయిడ్ మొదట నరాల వైద్యుడు. ఆయన 1897లో ఇదే జబ్బు మీద పెద్ద గ్రంథం రాస్తూ, కొందరిలో బిడ్డకు కడుపులోనే ఏదో జరిగి ఉంటుందని, కాన్పు కష్టం కావడం దానికి ఫలితమే తప్ప కారణం కాకపోవచ్చని వాదించాడు. ఈ పాత సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన తల్లులు 'ఆ రోజు నేను త్వరగా ఆసుపత్రికి పోయి ఉంటే' అని ఏళ్ల తరబడి తమను తాము కోసుకుంటూ ఉంటారు. గ్రహణం పూట కూరగాయ తరిగావని అత్తలు దెప్పుతూ ఉంటారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇక సాధన విషయానికి వద్దాం.

చాలాకాలం ఈ పిల్లలకు వైద్యమంటే ఇతరులు చేసేదే. బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ సాగదీయడం, నూనె రాసి మర్దనా చేయడం, కదలికలు సరైన పద్ధతిలో వచ్చేటట్టు చికిత్సకులు తమ చేతులతో పట్టి నడిపించడం. వాళ్లు శ్రద్ధతోనే చేశారు. కానీ తరువాతి పరిశోధనల్లో తేలినదేమిటంటే, ఇతరులు కదిపితే బిడ్డ పని నేర్చుకోదు. బిడ్డ తనంతట తాను కదలాలి, తప్పు చేయాలి, సరిచేసుకోవాలి, మళ్లీ మళ్లీ చేయాలి. పంతులమ్మగా ఇది నాకు ముందే తట్టవలసింది. పిల్లవాడి చేయి పట్టుకొని పలక మీద దిద్దిస్తే ఆ రోజుకు అక్షరం అందంగా వస్తుంది గాని, వాడికి వచ్చినట్టు కాదు కదా!

అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలు ఇక్కడ చెప్పుకోవాలి. ఒక చేతికి స్పర్శ తెలిపే నరాలు తెగితే కోతి ఆ చేతిని వాడడం మానేసింది. మంచి చేతిని కట్టేస్తే మాత్రం, చచ్చుబడిందనుకున్న చేతినే మళ్లీ వాడింది. అంటే ఆ చేయి పూర్తిగా పనికిరాక ఆగిపోలేదు. వాడకపోవడం అలవాటై ఆగిపోయింది. ఈ సూత్రంతో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకు మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తో రోజుకు గంటల కొద్దీ పని చేయించారు. తరువాత అదే పద్ధతి పిల్లల దాకా వచ్చింది. ఫలితాలూ వచ్చాయి.

అయితే న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలోని ఆండ్రూ గోర్డన్, ఆయన తోటివారు ఇంకో ప్రశ్న వేశారు. బిడ్డకు జీవితంలో కావలసింది ఒంటి చేతి పనా, రెండు చేతుల పనా? బలహీనమైన చేయి ఎంత సాధన చేసినా ముఖ్యమైన చేయి కాకపోవచ్చు. పుస్తకాన్ని అదిమి పట్టడం, సీసాను కదలకుండా ఉంచడం వంటి సాయం అది చేస్తే చాలు. అందుకని మంచి చేతిని కట్టేయకుండా, రెండు చేతులూ తప్పనిసరిగా కావలసిన ఆటలూ పనులూ ఎంచి, గంటల కొద్దీ చేయించారు. 2011లో వెలువడిన వారి పరిశోధనలో 42 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కట్టే పద్ధతి, రెండో జట్టుకు రెండు చేతుల పద్ధతి, ఇద్దరికీ సమానంగా 90 గంటలు ఇచ్చారు. చేతి నేర్పు ఇద్దరిలోనూ ఇంచుమించు సమానంగా పెరిగింది. కానీ ఇంటివారు కోరుకున్న ఫలానా పనులు నెరవేరడంలో రెండు చేతుల పద్ధతి మెరుగ్గా ఉంది.

తరువాత బెల్జియంలో లువేన్ విశ్వవిద్యాలయానికి చెందిన యానిక్ బ్లేయెన్‌హఫ్ట్ దీనికి కాళ్లనూ, నడుమునూ జోడించారు. కూర్చోవడం, నిలబడడం, బంతి మీద ఊగుతూ బ్యాలెన్సు నిలుపుకోవడం, అదే సమయంలో చేతులతో పని చేయడం. నిజ జీవితంలో మనం చేసేది అదే కదా! నిలబడి లంగా నాడా కట్టుకుంటాం, కూర్చొని చెప్పు తొడుక్కుంటాం. ఇది శిబిరంలాగా జరుగుతుంది. బడి ఈడు పిల్లలకు రెండు వారాల్లో సుమారు 90 గంటలు, చిన్నపిల్లలకు 50 గంటలు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మనిషి తోడుంటారు. ఆట ఆడిస్తూనే పని కాఠిన్యాన్ని కొంచెం కొంచెంగా పెంచుతారు. చేయి పట్టుకొని చేయించరు. ఒక వైపు బలహీనత ఉన్న పిల్లలలోనే కాక, రెండు వైపులా బాధ ఉన్న పిల్లలలో కూడా లాభం కనిపించింది. ఒకటి నుంచి నాలుగేళ్ల లోపు పసివాళ్ల మీద జరిగిన పరిశోధన 2024లో వెలువడింది. అందులో 50 గంటల సాధనతో మంచి ఫలితమే వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పిన పాప సంగతి చూడండి. ఆమె నెలకు రెండుసార్లు బస్సెక్కి ఆసుపత్రికి పోయి అరగంట వ్యాయామం చేసి వచ్చేది. అంటే నెలకు ఒక గంట, ఏడాదికి 12 గంటలు. ఆ లెక్కన 90 గంటలు పూర్తి కావాలంటే ఏడున్నరేళ్లు పడుతుంది! మూడో తరగతి పిల్ల పదో తరగతి దాటుతుంది. పోనీ శిబిరానికి పంపుదామంటే, రెండు వారాలు తల్లి కూలి వదులుకోవాలి, పట్నంలో ఉండాలి, ఫీజు కట్టాలి. ఆ ఇంటికి అది అయ్యే పని కాదు.

ఒకరోజు ఆ తల్లి మడతలు పడిన కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆసుపత్రిలో ఇచ్చిన వ్యాయామాల కాగితం. ఇంగ్లీషులో ఉంది. అడిగితే అక్కడివారు తమిళంలో చెప్పారట. అంతకు ముందు బెంగళూరులో చూపించినప్పుడు కన్నడంలో చెప్పారట. ఆమెకు కూలి బేరానికీ, సంతకూ సరిపడా తమిళమూ కన్నడమూ వచ్చు. 'మణికట్టును వెనక్కి వంచి బొటనవేలు బయటికి తెచ్చి' అన్నది ఏ భాషలోనైనా ఒక్కసారి వింటే అర్థమయ్యే మాట కాదు. మూడు భాషల మధ్య బ్రతికే మనలాంటి వాళ్లకు ఇది పాత బాధే. కాగితం ఆరు నెలలుగా దేవుడి పటం వెనక ఉందట. నేను దాన్ని తెలుగులో రాసి ఇచ్చాను. రాస్తున్నప్పుడే నాకు సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ ఏడాదంతా నేను ఆ పిల్లకు చేసిన ఉపకారం ఏమిటయ్యా అంటే, అన్ని పనుల నుంచీ మినహాయించడం. సంచి జిప్పు నేను తీసేదాన్ని. పుస్తకం పక్క పిల్ల తెరిచేది. ఆటల పీరియడులో చెట్టు కింద కూర్చోబెట్టేదాన్ని. ఆ కుడి చేతికి మా బడిలో ఒక్క పనైనా లేదు!

తరువాత మా బ్లాకు వనరుల కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టును పట్టుకొని అడిగాను. ఆమె ఓపికగా చెప్పిన మాటలూ, నేను తరువాత చదివి తెలుసుకున్నవీ కలిపి మీకు చెబుతాను. 2022లో ఈ పిల్లల సాధన గురించి అంతర్జాతీయ నిపుణులు మార్గదర్శక సూత్రాలు వెలువరించారు. అందులో ముఖ్యమైనవి మన ఇంట్లో ఆచరించదగినవే. ఏ పని నేర్చుకోవాలో బిడ్డే ఎంచుకోవాలి. ఆ పనిని ముక్కలుగా కాక మొత్తంగా, ఆ పని నిజంగా జరిగే చోటనే సాధన చేయాలి. అంటే అన్నం తినడం నేర్చుకోవలసింది వంటింట్లోనూ బడి వరండాలోనూ గాని, ఆసుపత్రి గదిలో ప్లాస్టిక్ దిమ్మెలతో కాదు. మూడోది, చాలినన్ని గంటలు పడాలి. ఎన్ని గంటలు? చేతి నేర్పు మొత్తంగా పెరగాలంటే 30, 40 గంటలైనా కావాలిగాని, ఎంచుకున్న ఒకటి రెండు పనులు రావడానికి 14 నుంచి 25 గంటల సాధన సరిపోవచ్చని పరిశోధనలను సమీక్షించినవారు చెప్పారు. ఈ అంకె చూశాక నాకు ప్రాణం లేచి వచ్చింది. రోజుకు అరగంట, వారానికి ఆరు రోజులు, ఎనిమిది వారాలు. మొత్తం 24 గంటలు! దీనికి బెంగళూరు పోనక్కరలేదు. ఆస్ట్రేలియాలో ఇళ్ల దగ్గర తల్లిదండ్రుల చేత చేయించిన ఒక పరిశోధనలో కూడా, విడతకు పదిహేను ఇరవై నిమిషాల చొప్పున ఎనిమిది వారాలు చేసిన పిల్లలకు మేలు కనిపించింది. అయితే పని ఎంచడంలో, దాన్ని క్రమంగా కఠినం చేయడంలో చికిత్సకుల సలహా అవసరం. అదీ లేకుండా 'చెయ్యి, చెయ్యి' అని బిడ్డను సతాయిస్తే విసుగే మిగులుతుంది.

మరి ఏ పని? తల్లి, "రెండు చేతులా గుండీలు పెట్టుకుంటే చాలు" అంది. అవ్వ, "కాలు సమంగా వేసి నడిస్తే రేపు పెండ్లి అయితాది" అంది. నేను మనసులో చక్కని చేతిరాత అనుకున్నాను. పాపను ఎవరూ అడగలేదు. ఫిజియోథెరపిస్టు అడిగింది. పాప కాసేపు గోడ చూసి, "నా తట్ట నేనే తెచ్చుకొని అందరితో పంక్తిలో కూర్చుని తినాల" అంది.

అందులో ఎన్ని పనులున్నాయో చూడండి. వరుసలో నిలబడాలి. పళ్లెం రెండు చేతులా పట్టుకోవాలి. సాంబారు పోసినప్పుడు బరువు ఒక పక్కకు ఒరుగుతుంది, దాన్ని నిలపాలి. తొణకకుండా పది పన్నెండు అడుగులు నడవాలి. వంగి కింద పెట్టాలి. కూర్చోవాలి. తినాలి. పళ్లెం కడగాలి. ఒంటి చేత్తో ఇది సాగదు. కుడి చేతికి ఒక మంచి ఉద్యోగం దొరికిందన్నమాట!

మొదటి వారం ఖాళీ పళ్లెం. కుడి చేతి పిడికిలి విప్పి అంచు పట్టుకోవడానికే చాలా సేపు పట్టేది. తొందర పెడితే చేయి ఇంకా బిగుసుకునేది. ఇది ఈ పిల్లల లక్షణం. భయపెట్టినా, గద్దించినా కండరం మరింత బిగుస్తుంది. నా గొంతు కొంచెం పెద్దది, నేను తగ్గించుకోవలసి వచ్చింది. రెండో వారం పళ్లెంలో వేరుశనక్కాయలు పోశాం, పడితే ఏరుకోవచ్చు. అవి ఏరుకోవడమూ సాధనే. ఆ తరువాత రాగి సంగటి ముద్ద. ముద్ద దొర్లుతుంది, దాన్ని దొర్లనీయకుండా నడవాలి. మిగతా పిల్లలకు ఇది పందెమైపోయింది. చివరికి గ్లాసు మజ్జిగ పోసిన పళ్లెం. బడి గంటకు ముందు పదిహేను నిమిషాలు ఇక్కడ, సాయంత్రం పదిహేను నిమిషాలు ఇంట్లో. గోడకు క్యాలెండరు తగిలించి, చేసిన రోజుకు చుక్క పెట్టమన్నాం. చుక్క పాపే పెట్టాలి, క్యాలెండరును మాత్రం కుడి చేయి గోడకు అదిమి పట్టాలి.

ఇంతలో మార్గశిరం వచ్చింది. మా వైపు అనపకాయల కాలం. మీరు కోలారు, చిత్తూరు, హోసూరు వైపు వారైతే ఆ వాసనే మీకు తెలుస్తుంది. సాయంత్రం వాకిట్లో గంపెడు కాయలు పోసుకొని ఇంటిల్లిపాదీ ఒలుస్తారు. ఒలిచిన గింజలు నానబెట్టి, మరునాడు ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు వదిలి పప్పు చిటుక్కున బయటికి వస్తుంది. అదే పితికిపప్పు. ఆసుపత్రిలో గంటకు ఇంత అని తీసుకొని చేయించే పని ఇదేనని ఆ ఫిజియోథెరపిస్టు నవ్వుతూ అంది. కాయ ఒలిచేటప్పుడు కుడి చేయి కాయ తొడిమను పట్టుకుంటుంది, ఎడమ చేయి చీలుస్తుంది. నూరు కాయలు ఒలిస్తే కుడి చేయి నూరుసార్లు విప్పుకొని నూరుసార్లు మూసుకున్నట్టు. నూరుసార్లు ఎవరు లెక్క పెట్టి వ్యాయామం చేస్తారు చెప్పండి? కబుర్లు చెప్పుకుంటూ ఒలిస్తే నూరు ఎప్పుడైందో తెలియదు. పితకడం మాత్రం ఆ చేతికి కష్టమే. కొన్ని గింజలు ఎగిరి అవ్వ ఒళ్లో పడేవి. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకొని ఉండే చేతికి, ఆ వేలిని బయటికి తెచ్చి నొక్కడమన్నది మనం అనుకున్నంత చిన్న పని కాదు.

మీ ఇంట్లో ఇటువంటి బిడ్డ ఉంటే, మీ ప్రాంతంలో ఏ పనులున్నాయో మీరే చూసుకోండి. పూలు మాల కట్టే ఇల్లైతే దారం పట్టే చేయి కావాలి. చపాతీలు చేసే ఇంట్లో కర్రకు రెండు చేతులూ కావాలి. తువ్వాలు మడవడం, వెల్లుల్లి ఒలవడం, బిందె కింద పెట్టి కొళాయి తిప్పడం, అగ్గిపెట్టె తోసి తెరవడం (పుల్లలు తీసేసి సుమా!). పిల్లకు ఇష్టమైనదై ఉండాలి, కొంచెం కష్టంగా ఉండాలి, పూర్తిగా అసాధ్యమై ఉండకూడదు. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు వస్తోందంటే కొంచెం కఠినం చేయండి. రెండుసార్లే వస్తోందంటే తేలిక చేయండి. ముఖ్యంగా, బిడ్డ తడబడుతుంటే మీ చేయి మీరు వెనక్కి పెట్టుకోండి. తల్లికి అన్నిటికంటే కష్టమైన సాధన ఇదే.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి. ఈ సాధన మెదడులో తగిలిన దెబ్బను మాన్పదు, చేయి మామూలు చేయి అయిపోదు. పెరిగే కొద్దీ బిగుసు కండరాలు కీళ్లను లాగుతుంటాయి. తుంటి కీలు జారుతోందేమో, ముఖ్యంగా నడవలేని పిల్లలకు, డాక్టరు చెప్పినప్పుడల్లా ఎక్స్‌రే తీయించాలి. సాధనలో నొప్పి అంటే ఆపండి. మూర్ఛల మందులు సాధన పేరుతో మానకండి. తల కూడా నిలపలేని బిడ్డల విషయంలో గంటల కొద్దీ సాధన ఎంత ఉపయోగమన్నదానికి ఆధారాలు తక్కువ. వాళ్లకు సరైన కుర్చీ, సంభాషణకు బొమ్మల పలక వంటివి ముందు కావాలి. పలికే మాట స్పష్టంగా లేనంత మాత్రాన చదువు రాదని ఎవరైనా అంటే నమ్మకండి. డాక్టర్ మితూ అలూర్ 1972లో బొంబాయిలో ఈ పిల్లల కోసం దేశంలో తొలి ప్రత్యేక సంస్థ స్థాపించారు. ఆమె కుమార్తె మాలినీ చిబ్‌కు ఇదే జబ్బు. ఒక్క చిటికెన వేలితో అక్షరం అక్షరం టైపు చేస్తూ ఆమె పై చదువులు చదివారు, తన జీవిత కథ రాశారు.

ఇంకొక మాట. మూల కణాలు, స్టెమ్ సెల్స్ అంటారే, వాటిని ఎక్కిస్తే బిడ్డ నడుస్తుందని చెప్పి లక్షలు వసూలు చేసేవారున్నారు. మా పాప తండ్రికి కూడా ఎవరో ఆశ పెట్టారు. ఉన్న అర ఎకరా అమ్ముదామా అన్నంత దాకా వచ్చింది. 2017లో భారత వైద్య పరిశోధన మండలి వెలువరించిన జాతీయ మార్గదర్శకాల్లో, రక్త సంబంధమైన జబ్బులకు చేసే మూల కణాల మార్పిడి తప్ప, మిగతావి అనుమతి పొందిన ప్రయోగాలుగా తప్ప వైద్యంగా అమ్మరాదని స్పష్టంగా ఉంది. ప్రయోగంలో చేరేవారి దగ్గర డబ్బు పుచ్చుకోరు. ఎవరైనా డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పొలం ఉంచుకోండి.

హక్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సెరెబ్రల్ పాల్సీ పేరుతో సహా ఉంది. 40 శాతం పైన వైకల్య ధ్రువపత్రం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఇంటి దగ్గర బడిలో ఉచిత విద్య హక్కు. చేర్చుకోమని ఏ హెడ్మాస్టరూ అనడానికి వీల్లేదు. 1999 చట్టం కింద ఏర్పడ్డ నేషనల్ ట్రస్టువారి నిరామయ అనే ఆరోగ్య బీమా ఈ పిల్లలకు ఉంది, లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, చికిత్సల ఖర్చూ అందులోకి వస్తుంది. జిల్లా కేంద్రాల్లో పసిపిల్లల లోపాలను ముందుగా కనిపెట్టే కేంద్రాలు పెట్టారు. ఆరేడు నెలల బిడ్డ ఒకే చేత్తో వస్తువులు అందుకుంటూ రెండో పిడికిలి ఎప్పుడూ మూసి ఉంచుతుంటే, 'పెద్దయితే సరిపోతుందిలే' అనుకోకుండా అక్కడ చూపించండి. పసితనంలో ఎడమ చేతివాటం, కుడి చేతివాటం అంటూ ఉండదు. చూపించినప్పుడు, ఏం చేయాలో తెలుగులో చెప్పమని, చేసి చూపమని అడగండి. మొహమాటపడకండి. అక్కడ తెలుగు వచ్చిన నర్సో, ఆయమ్మో ఎవరో ఒకరు ఉంటారు.

ఎడమ చేతి తగాదా ఎలా తీరిందని మీరు అడుగుతారు. వాదిస్తే తీరలేదు. నేనూ, ఫిజియోథెరపిస్టూ ఎంత చెప్పినా అవ్వ, "మీరు చదువుకున్నోళ్లు, మీకేం" అంది. కుడి చేత్తోనే తినిపిద్దామని ఆమె పట్టు. ఆ చేత్తో ముద్ద నోటికి చేరేలోపు సగం ఒళ్లో పడేది, పిల్ల ఏడ్చేది. ఎనిమిదో వారంలో ఒకనాడు అవ్వే బడికి వచ్చింది, కోడలికి జ్వరమని, మనవరాలికి తినిపించడానికి. వరండా చివర నిలబడి చూసింది. పాప వరుసలో నిలబడి పళ్లెం పట్టింది. కుడి చేయి అంచు కింద, బొటనవేలు పైన. సాంబారు పోశారు. పాప మెల్లగా నడిచి వచ్చి, కొంచెం ఒలకబోసుకొని, పళ్లెం కింద పెట్టింది. కొళాయి దగ్గరికి పోయి, సబ్బును కుడి అరచేతిలో ఇరికించి, దాని మీద ఎడమ చేయి రుద్ది రుద్ది కడుక్కొని వచ్చింది. కూర్చుంది. ఎడమ చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కుడి చేయి పళ్లెం జరగకుండా పట్టుకొని ఉంది.

అవ్వ ఏమీ అనలేదు. తెచ్చిన క్యారియరు తెరిచి, పితికిపప్పు పులుసు రెండు గరిటెలు ఆ పళ్లెంలో పోసింది.

ఇప్పుడు ఆ పాప ఏడో తరగతి. మధ్యాహ్నం ఎవరూ రానక్కరలేదు. కుడి చేతి వేళ్లు చలికాలంలో ఇంకా బిగుస్తాయి, చొక్కా పై గుండీ ఇంకా తల్లే పెడుతుంది. ఈ ఏడు సెలవుల్లో ఏ పని ఎంచుకుందో అడిగాను. సైకిలట. బ్రేకు రెండు చేతులా పట్టాలి కదా అని ఆలోచనలో ఉన్నాం.